పేరు రాయని కూత

నాకు చదువు రాకపోవడానికి బడి దూరంగా ఉండడం కారణం కాదు. మా ఇంటి వెనక గోడకు అవతలే బడి. పిల్లలు ఎక్కాలు చదువుతుంటే వింటూ నేను బీడీలు చుట్టేదాన్ని. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి దారం కట్టేసరికి వాళ్లు ఒక వరస ముగించేవాళ్లు. ఆ ఎక్కాలు ఇప్పటికీ నోటికి వస్తాయి. చిన్నపిల్లల వేళ్లయితే బీడీ మూతి చక్కగా మడతపడుతుందని మా అమ్మ అనేది. మా అమ్మ చెడ్డది కాదు. ఆకు తడిపాక ఆ రోజే చుట్టెయ్యాలి, లేకపోతే ఎండి విరిగిపోతుంది. బడి రేపు కూడా ఉంటుంది కదా అనుకునేది. రేపు కూడా ఆకు తడిసే ఉండేది.

పెళ్లయి సూరత్ వచ్చాక చదువు రాదన్న సిగ్గు కూడా పోయింది. ఇక్కడ బోర్డులన్నీ గుజరాతీలో ఉంటాయి. మా వైపు నుంచి వచ్చినవాళ్లలో పదో తరగతి చదివినవాళ్లు కూడా నాలాగే పక్కవాళ్లను అడిగి బస్సెక్కేవాళ్లు. అందరం ఒకటే అయిపోయాం. అలా చాలా ఏళ్లు గడిచాయి.

చివరికి అక్షరాలు నాకు పలక మీద రాలేదు. ఫోను మీద, బొటనవేలితో వచ్చాయి. నేర్పింది నా బిడ్డ. ఆ చదువంతా పిట్టల పేర్లతోనే జరిగింది.

అప్పుడు మేం సూరత్ శివారున ఉన్‌లో ఉండేవాళ్లం. వరసగా కట్టిన గదులు, పైన అందరికీ కలిపి ఒక దాబా, వెనక ఎవరూ ఇల్లు కట్టని ఖాళీ జాగా. ఆ జాగాలో సర్కారు తుమ్మలు, ఎండిపోయిన నీటిగుంట, ఒక వేపచెట్టు. మా ఆయన రోడ్డు అవతలి కార్ఖానాలో సాంచాల మీద పనిచేసేవాడు. మరమగ్గాన్ని మావాళ్లు ఊళ్లోనూ ఇక్కడా సాంచా అనే అంటారు. రాత్రి పాళీకి పోయి పొద్దున వచ్చేవాడు. ఏళ్ల తరబడి ఆ చప్పుడులో నిలబడి నిలబడి అతనికి సన్నటి శబ్దాలు వినపడటం మానేశాయి. కుక్కర్ కూసినా తెలియదు, ఫోను మోగినా తెలియదు. తను మామూలుగా మాట్లాడుతున్నాననే అనుకుంటాడు, గదుల వరసంతా వింటుంది.

పాండేసరలో అత్తగారింట్లో ఉండే నా బిడ్డ ఆ ఎండాకాలం మొదట్లో మా దగ్గరికి వచ్చింది. అల్లుడు అక్కడ బట్టలకు రంగులేసే మిల్లులో పనిచేస్తాడు. అంతకు ముందు ఏడు దానికి కడుపు నిలిచి, ఐదో నెలలో పోయింది. ఈసారి డాక్టరమ్మ మంచం దిగొద్దని చెప్పింది. వాళ్లుండేది మూడో అంతస్తు, మాది కింది గది. అందుకని తెచ్చుకున్నాం. వెనక కిటికీ పక్కన మంచం వేశాను. బిడ్డను కడుపులో నిలుపుకోవడం, అంతే దాని పని. దాన్ని కనిపెట్టుకుని ఉండటం నా పని.

పొద్దంతా పడుకున్న మనిషికి చెవులే మిగులుతాయి. కిటికీలోంచి ఏదో ఒక కూత వస్తే అది అడిగేది, ఏం పిట్ట అని. నేను పొయ్యి దగ్గర నుంచి తిరగకుండానే చెప్పేదాన్ని. దానికి ఆశ్చర్యంగా ఉండేది. చూడకుండా ఎట్లా తెలుస్తదని అడిగింది. తల వంచుకుని బీడీలు చుట్టేవాళ్లకు పిట్టలు చెవులతోనే తెలుస్తాయి. మా వాకిట్లో ఏ పిట్ట వాలినా నేను తలెత్తి చూసింది తక్కువ. తలెత్తితే బీడీ వదులైపోయేది.

ఒక రోజు తన ఫోను నా చేతికిచ్చింది. ఎర్ర గుండ్రం మీద నొక్కితే శబ్దం పట్టుకుంటుందని చూపించింది.

"నువ్వు దాబా మీదికి వొయ్యి రికార్డు చేసుకరా. నేనీడ పండుకొని ఇంట. కని ఒక షరతు. దేనికదానికి పేరు నువ్వే రాయాలె. పేరు రాయకుంటే అది పిట్ట కాదు, ఖాలీ ఆవాజ్."

నాకు రాదు కదనే అంటే, కాకితోని షురూ చెయ్యి, అండ్ల రెండూ 'క'లే అంది.

నిజమే. ఒక 'క'కు దీర్ఘం, ఇంకో 'క'కు గుడి. నా వేలు లావుగా పడి పక్క అక్షరం వచ్చేది. బీడీ మూతి మడిచిన వేలే ఆ గాజు మీద మొద్దుబారిపోయింది. కాకి తర్వాత కోయిల. దానికీ 'క'నే, ఓత్వం పైకి పోయి వంకర తిరుగుతుంది. పిచ్చుక దగ్గర ఏడుపొచ్చింది. 'చ' కింద ఇంకో 'చ'ను ఎలా తగిలించాలో తెలియక నేను తడుముకుంటుంటే కిటికీ చువ్వ మీది పిచ్చుక ఎగిరిపోయి మళ్లీ వచ్చి కూర్చుంది. బిడ్డ మాత్రం తొందరపెట్టేది కాదు. మంచం మీద పక్కకు ఒత్తిగిలి, నా వేలు ఎక్కడ వాలుతుందో చూస్తూ ఉండేది. దాని చిన్నప్పుడు హోంవర్కు చేస్తుంటే నేను పక్కన కూర్చుని ఏమీ అర్థం కాకుండా అట్లాగే చూసేదాన్ని.

మొదటి రోజు రికార్డు వింటే పిట్ట లేదు, నా గాజులే ఉన్నాయి. మర్నాటి నుంచి గాజులను మోచేతి దాకా జరిపి చేతిగుడ్డ చుట్టుకునేదాన్ని. సాంచాల వైపు వీపు పెట్టి, ఫోనును కొంగు చాటున పట్టుకుని, ఎండ ఎక్కకముందే నిలబడేదాన్ని. గాలి లేని పొద్దున సాంచాల చప్పుడు కూడా కొంచెం దూరం జరిగినట్టుండేది. వేపచెట్టు మీద కోయిల, తుమ్మల్లో జెముడు కాకి, కరెంటు తీగ మీద బుల్‌బుల్. టక్ టక్ మని ఆగకుండా కొట్టే ఆకుపచ్చ పిట్ట ఒకటి ఉండేది. మా ఊళ్లో దాన్ని ఏమనేవారో ఎంత ఆలోచించినా తట్టలేదు. నువ్వే ఒకటి పెట్టు అంది బిడ్డ. సుత్తె పిట్ట అని రాశాను. 'త్తె'కు ఒక పూట పట్టింది.

మా ఇంటి యజమానురాలు గుజరాతీ పెద్దావిడ. అందరూ బా అంటారు, నేనూ అంతే. ఒక పొద్దున మా ఆయన ఇంకా పనినుంచి రాలేదు. రావలసిన వేళ దాటిపోయింది. నేను రొట్టెల పిండి పిసుకుతున్నాను. పైనుంచి బా కేక వేసింది, "కాబర్ ఆవీ" అని. ఖబర్ వచ్చిందని నాకు వినపడింది. కార్ఖానా నుంచి ఏ కబురొచ్చిందో అనుకుని పిండి చేతులతోనే మెట్లన్నీ ఎక్కాను. అక్కడ బా నవ్వుతూ గోడకున్న పైపు రంధ్రం చూపిస్తోంది. అందులోకి గడ్డిపోచ తీసుకుపోతోంది గోరెంక. గుజరాతీలో గోరెంకను కాబర్ అంటారట. నా కళ్లలో నీళ్లెందుకొచ్చాయో ఆమెకు అర్థం కాలేదు. కిందికి వచ్చి చెబితే బిడ్డ కడుపు పట్టుకుని నవ్వింది. అట్ల నవ్వకు, కడుపు కదుల్తదని కోప్పడ్డాను. గోరెంక అని రాయకు, కబురు అని రాయి, రాసుడు గూడ అల్కగుంటది అంది. ఇప్పటికీ ఆ ఫోనులో గోరెంక పేరు కబురే.

మామిడికాయలు ఇంకా పచ్చిగా ఉన్న రోజులవి. వడియాలు పెట్టడానికి దాబా మీదికి పోతే ఒక పిట్ట అరుచుకుంటూ నా తల మీదికి దూకింది. నీళ్ల ట్యాంకు వెనక, పగిలిన సిమెంటు పెళ్లల మధ్య గుడ్లున్నాయి, మట్టిరంగు మీద నల్లమచ్చలతో. పిట్టను చూడకముందే కూత వల్ల నాకు తెలిసిపోయింది. తీతువ. మా ఊళ్లో ఆ పిట్ట ఇంటి మీదుగా అరుస్తూ పోతే మా నాయనమ్మ పొయ్యిలో ఉప్పు వేసేది. ఎవరింట్లోనో మనిషి పోతాడని అందరూ అనేవాళ్లు. పిల్లలం చెవులు మూసుకునేవాళ్లం.

వడియాల పిండి అక్కడే పెట్టి నిలబడిపోయాను. అప్పటికే చేతిలో ఫోను ఉంది, ఎర్ర గుండ్రం నొక్కి ఉంది.

నా వెనకే వచ్చిన బా ఆ గుడ్లను చూసి రెండు చేతులూ జోడించింది. టిటోడీ ఎత్తున గుడ్లు పెడితే ఆ ఏడు వాన బాగా పడుతుందట. పల్లంలో పెడితే కరువట. మా దాబా కంటే ఎత్తు ఆ చుట్టుపక్కల లేదు. ఊళ్లో వ్యవసాయం చేసే తమ్ముడికి అప్పటికప్పుడు ఫోను చేసి చెప్పింది. బట్టల తీగ ఇటు పక్కకు మార్పించింది. ఆ మూలకు ఎవరూ పోవద్దని గదిగదికీ తిరిగి చెప్పింది.

టిటోడీ, తీతువ. రెండు పేర్లూ ఆ పిట్ట నోట్లోంచి వచ్చినవే. వాళ్లు వానను విన్నారు, మేం చావును విన్నాం. ఆ రోజు నాకు ఈ ఆలోచన రాలేదు. భయమే వచ్చింది.

కింద బిడ్డ ఆ రికార్డు వింది. "ఇది టిటోడీ గద అమ్మా. తెలుగుల ఏమంటరు?"

యాదికి వస్తలేదన్నాను.

"నీకు పిట్ట పేరు యాదికి రాకపోవుడా?" అని నా ముఖంలోకి చూసింది.

'త' నాకు వచ్చు. గుడి దీర్ఘమూ వచ్చు. అక్షరాలు రాక ఆగిపోయింది కాదు. దాని కడుపు పక్కనే ఉండే ఫోనులో ఆ పేరు పెట్టడానికి వేలు రాలేదు. పేరు రాయకపోతే ఫోనే ఏదో ఒక అంకె వేసుకుంటుంది. అంకెతోనే ఉండిపోయింది.

మా ఆయన అక్క సూరత్‌లోనే గోడాదరాలో ఉంటుంది, నాకు వదిన. పోయిన ఏడు బిడ్డకు అట్లా అయినప్పుడు దవాఖానాలో నేల మీద పడుకుని, కాళ్లు పిసికి, నా కంటే ఎక్కువ ఏడ్చింది ఆమే. ఒక రోజు పచ్చి మామిడికాయలు తీసుకుని చూడటానికి వచ్చింది. గడపలో అడుగు పెడుతుండగానే పైన పిట్ట అరిచింది. సంచి అక్కడే వదిలేసింది.

"మరదలా, నెత్తి మీద తీతువ గుడ్లు వెడితే చూసుకుంట ఊకున్నవా? కడుపుతోనున్న పిల్ల ఇంట్లుండంగ?"

నేను కళ్లతో సైగ చేశాను. ఆమె చూడలేదు. బిడ్డ మంచం మీంచే అడిగింది, తీతువ అంటే ఏంది అత్తా అని. వదిన అంతా చెప్పింది. భయపెట్టాలని కాదు, ఆమే భయపడి చెప్పింది. బిడ్డ నా వైపు తిరిగింది.

"గందుకేనా నువ్వు పేరు రాయలె?"

నేను గడప దగ్గర సంచి తేవడానికి లేచాను. అది ఫోనును బోర్లించి దిండు కింద పెట్టేసింది.

మధ్యాహ్నానికి కడుపు బిగుసుకుంటోందంది. కాసేపు వదిలి, మళ్లీ బిగుసుకునేది. పోయిన ఏడు కూడా ఇట్లాగే మొదలైంది. మా ఆయన్ను నిద్ర లేపి ఆటో పిలిపించాను. దారంతా నా మణికట్టు పట్టుకునే ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా వేళ్లు బిగించేది, నా గాజొకటి విరిగింది.

దవాఖానాలో ఉన్నది తెలుగు డాక్టరమ్మ, వరంగల్ వైపు పిల్ల, కొత్తగా వచ్చింది. కడుపు మీద చేయి పెట్టి చూసి, తర్వాత ఒక చిన్న యంత్రం ఆనించింది. అందులోంచి శబ్దం వచ్చింది. తలుపులు మూసిన కార్ఖానాలో ఒక్క సాంచా నడుస్తుంటే బయటికి ఎట్లా వినపడుతుందో అట్లా, వేగంగా, ఆగకుండా. బిడ్డ కళ్లు మూసుకుని విన్నది.

డాక్టరమ్మ నీళ్లు ఎన్ని తాగుతున్నవని అడిగింది. బిడ్డ జవాబు చెప్పడానికి సిగ్గుపడింది. మళ్లీ అడిగితే అప్పుడు చెప్పింది. మా గదుల వరసకు పాయిఖానా చివర్న ఉంటుంది. మంచం దిగొద్దన్నారు కాబట్టి దిగే పని పడకుండా నీళ్లు తగ్గించుకుందట. చెంబు నేను నింపి పెడుతూనే ఉన్నాను, సాయంత్రం సగం మిగిలితే అదే ఎక్కువ తాగిందనుకునేదాన్ని. ఒంట్లో నీళ్లు లేక ఎండకు కడుపు అట్లా గుంజుతోందని డాక్టరమ్మ చెప్పింది. సెలైను పెట్టి, పొద్దు వాలకముందే ఇంటికి పంపింది.

వదిన అప్పటిదాకా మా గదిలోనే కూర్చుని ఉంది. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. తల ఊపింది గానీ మనసు కుదుటపడలేదు. పైన పిట్ట అరుస్తూనే ఉంది కదా. బా చుట్టాలింటికి పోయింది, చూసేవాళ్లు లేరు. మా ఆయన పనికి బయల్దేరబోతుంటే వదిన తట్ట తెచ్చి చేతిలో పెట్టింది. గుడ్లు తీసి వెనక జాగాలో పెట్టి రమ్మంది. వద్దని నేను అనలేదు. పెట్టి రమ్మనీ అనలేదు. బిడ్డ గోడ వైపు తిరిగి పడుకుంది.

అతను మెట్లెక్కిన కాసేపటికి పిట్ట గోల మొదలైంది. ముగ్గురం కింద వింటూ ఉన్నాం. అంతగా అరవడం నేనెప్పుడూ వినలేదు. తర్వాత ఒక్కసారిగా ఆగింది. తీసిండు అంది వదిన, నెమ్మదిగా.

అయినా అతను రాలేదు. వచ్చేసరికి పనికి ఆలస్యం కూడా అయింది. తట్ట ఖాళీ.

"దాని కూత నాకు ఇనరాలె," అన్నాడు, ఎప్పటి గొంతుతోనే. "నోరు తెరుస్తంది, మూస్తంది, గంతే. ఎన్కకు జరిగి కూసుంటే అది నన్ను మర్శిపోయింది. ట్యాంకు కింద కారిన నీళ్లల్ల పొట్ట నానవెట్టుకుంటంది, వొయ్యి గుడ్ల మీద కూసుంటంది. ఆరంగనే మళ్లొస్తంది. గుడ్లకు సల్లగ చేస్తందే అది. ఎట్ల తియ్యాలె నేను?"

వదిన అతని చెవి దగ్గరికి పోయి గట్టిగా చెప్పింది. "నీ చెవులు వొయినయి తమ్మీ, మాయి వోలే."

"మంచిగైంది అక్కా," అన్నాడు. తట్ట మూలకు పెట్టి, టిఫిను డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

బిడ్డ గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. నీళ్లిమ్మంది. చెంబు ఎత్తి గటగటా తాగింది, గడ్డం మీదుగా కారితే తుడుచుకోలేదు. మళ్లీ ఇమ్మంది. వదిన తన కొంగు ముడిలోంచి నల్లదారం తీసింది. కడతానంటే బిడ్డ కాలు చాపింది. దారం కట్టి, నుదురు నిమిరి, చీకటి పడకముందే వదిన గోడాదరా బండెక్కింది.

ఆ ఏడు వానలు బా అన్నంత బాగా పడ్డాయో లేదో నాకు గుర్తు లేదు. ఆ గుడ్లలోంచి వచ్చిన పిల్లలు ఎప్పుడు ఎట్లా దాబా దిగిపోయాయో కూడా చూడలేదు. వానలు మొదలయ్యాక బిడ్డకు ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడది బాల్వాడీకి పోతుంది, నాకు ఏ అక్షరం రాదో కనిపెట్టి అదే అడుగుతుంది. ఉన్‌లో మా వెనక జాగాలో అపార్ట్‌మెంట్లు లేచాయి. మా ఆయన పని మానేశాక మేం గోడాదరాకు, వదిన గల్లీకి మారాం. ఇక్కడ పావురాలు తప్ప ఏమీ లేవు. ఎక్కడినుంచో ఒక కోయిల వినపడుతుంది గానీ ఏ చెట్టు మీదిదో తెలియదు.

ఆ ఫోను పాతదై, బిడ్డ కొత్తది కొనుక్కున్నాక నా దగ్గరే ఉండిపోయింది. మధ్యాహ్నం పూట ఆ రికార్డులు పెట్టుకుంటాను. పిట్టల కోసం పట్టినవే. కానీ ఇప్పుడు పిట్టల వెనక ఉన్నవి వింటాను. బా చీపురు చప్పుడు. ఎవరో కొళాయి తిప్పి మర్చిపోవడం. కింద గదిలోంచి బిడ్డ దగ్గు. అమ్మా, దొరికిందా అని కిటికీలోంచి అది పిలవడం. ఆ పిలుపు కోయిల కూతకు అడ్డం వచ్చిందని అప్పుడు విసుక్కున్నాను. ఇప్పుడు కోయిలే అడ్డం అనిపిస్తుంది. వీటన్నిటి కింద, ఎప్పుడూ ఆగకుండా, మా ఆయన సాంచాలు.

వదిన గుడ్లు తీయించాలనుకున్న ఆ సాయంత్రం గడిచి తెల్లవారాక, నేను మొదట బా వాళ్ల గుమ్మం ముందుకు పోయాను. ఆమె పెనిమిటి మంచాన పడ్డప్పుడు కొన్న కుర్చీ ఒకటి ఉండేది, మధ్యలో రంధ్రం, కింద బకెట్టు పెట్టేది. బా అప్పుడే చుట్టాలింటి నుంచి వచ్చి తాళం తీస్తోంది. ఆ కుర్చీ అడిగి తెచ్చి, కడిగి, బిడ్డ మంచం పక్కన చీర అడ్డం కట్టి పెట్టాను. నీళ్ల బిందె తల దగ్గరికి జరిపాను. తర్వాత దాబా మీదికి పోయి ట్యాంకుకు దూరంగా గోడ వారన కూర్చున్నాను. పిట్ట అరిచినంత అరిచింది. నేను కదలకపోతే తగ్గింది. రెక్కలు తడిసి నీళ్లు విదిలించుకునే చప్పుడు కూడా పట్టాను, చాలా చిన్నగా. కిందికి వచ్చి బిడ్డ పక్కన కూర్చుని ఫోను ఒళ్లో పెట్టుకున్నాను. తీ. తూ. వ. అది నా భుజం మీంచి చూస్తోంది. మధ్యలో అక్షరానికి దీర్ఘం వద్దంది. చెరిపి, కొమ్ము చిన్నగా పెట్టాను. తర్వాత గ్లాసు నింపి దాని చేతికిచ్చి, తాగేదాకా అక్కడే కూర్చున్నాను.